దొర ఎడమకాలు

కాశిబుగ్గలో బాలకిషన్‌తో వాదించి గెలిచిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. ముప్పై ఎనిమిదేళ్లుగా గుంట మగ్గంలో కాళ్లు దించి జంపఖానాలు నేస్తున్నాడు. ఆయన నేతలో వంక పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

అంత నోరున్న మనిషి ఆరు నెలలుగా ఒక్క సంగతి మాత్రం కడుపులో దాచుకున్నాడు. ఎడమకాలు మొద్దుబారుతోంది. మగ్గం కింది పలక తొక్కితే తొక్కినట్టే తెలియడం లేదు. భార్య శ్యామలమ్మకు తెలిసిందా, మర్నాడే మగ్గం విప్పించి మూలన పడేయిస్తుంది. అందుకే నోరు మెదపలేదు. నేత వదులైనప్పుడల్లా ఆమె నూలు బాగాలేదని, అది తెచ్చే యాకయ్యను దులిపేస్తుంటే, పాపం అనుకుంటూనే తలవంచుకుని నేసేవాడు.

ఆ సాయంత్రం బాలకిషన్ తన స్నేహితుడు దేవదాస్ నడిపే సైకిల్ షాపులో టీవీ ముందు కూర్చున్నాడు. యూరప్‌లో మూడు వారాల సైకిల్ పోటీ. ఆ పేర్లు నోరు తిరగక, నాలుగేళ్లుగా ఓటమి ఎరగని వాడికి ‘దొర’ అని, వాడి వెనకే వస్తున్న సన్నటివాడికి ‘బక్కోడు’ అని స్నేహితులిద్దరూ పేర్లు పెట్టుకున్నారు.

"దొరను గెలిచే మొగోడు ఉన్నడా బై? బక్కోడు ఊరికెనే ఉరుకుతాండు," అన్నాడు దేవదాస్, ట్యూబుకు పంక్చర్ వేస్తూ.

"ఇయ్యాల బక్కోడే గెలుస్తడు. రాసిపెట్టుకో."

"ఎట్లనో చెప్పు మల్ల!"

కారణం బాలకిషన్ నోటిదాకా వచ్చింది. మూడు రోజులుగా చూస్తున్నాడు. దొర కుడికాలు గట్టిగా దిగుతోంది, ఎడమది ఊరికే తిరుగుతోంది. కాళ్లతో బతికినవాడి కన్ను అది. కానీ ఆ మాట అంటే, నీకెట్ల తెలుసని అడగడూ?

"నా మనసుకు కొడతాంది," అని ఊరుకున్నాడు.

"మనసుకు కొడితే అయితదా? పెడల్ కొట్టాలె," అని దేవదాస్ పకపకా నవ్వాడు.

కొండ ఎక్కడం మొదలైంది. ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా బక్కోడు సీటు మీంచి లేచాడు. దొరా లేచాడు, కానీ వెంటనే కూలబడ్డాడు. చూస్తుండగానే బక్కోడు మలుపు దాటి కనబడకుండా పోయాడు. దొర రోడ్డు పక్కన కాలు ఆనించాడు. సైకిల్ దిగిపోయాడు.

దేవదాస్ చేతిలోంచి ట్యూబు జారిపడింది. "అయ్యయ్యో! దొర దిగిండా? దొర!"

ఎగిరి గంతేయాల్సిన బాలకిషన్ కళ్లు తుడుచుకుంటున్నాడు.

"గెలిచినోనివి నువ్వు. ఏడుస్తానవేందిర?"

"వానికి ముందే ఎరుకరా. ఎడమకాలు పనిచేస్తలేదని ఎవ్వలకు చెప్పకుండ దాసిండు, పిచ్చోడు."

"నువ్వేం దాసినవో అది చెప్పు," అంది వెనక నుంచి శ్యామలమ్మ. గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో బురద పట్టిన చెప్పు. "మన గల్లి మలుపు కాడ పడి ఉన్నది. నీదే గదా?"

బాలకిషన్ కిందికి చూసుకున్నాడు. కుడికాలికి చెప్పుంది. ఎడమకాలికి లేదు. చెప్పు ఊడిందని కూడా తెలియకుండా రెండు గల్లీలు నడిచి వచ్చాడు! అరికాలి కింద ఎర్రగా మడుగు కట్టింది. విరిగిన సైకిల్ చక్రం పుల్ల ఒకటి పాదంలో దిగబడి ఉంది. కాలు కాస్త మొద్దుబారిందనుకున్నాడు గాని, ఇట్లా చచ్చుపడిందని కలలో కూడా అనుకోలేదు.

"నొప్పి లేదా?" అంటూ ఆమె ఆ పుల్లను మెల్లగా ముట్టి చూసింది.

"లేదే."

"ఎన్నొద్దుల సంది?"

"ఆరు నెలలు."

ఆమె అక్కడే చతికిలబడింది. "ఆరు నెలలు! నూలు మంచిగ లేదని ఆ యాకయ్యను నోటికొచ్చినట్టు తిడితి గదయ్యా!"

దేవదాస్ ఆటో కోసం పరుగెత్తాడు.

"మగ్గం విప్పకే," అన్నాడు బాలకిషన్. ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన ఎవరినైనా బతిమాలడం అదే మొదలు.

"మగ్గం ముచ్చట తర్వాత. ముందుగాల దవాఖానకు నడువు."

ఆటో కదిలింది. దారి పొడుగునా శ్యామలమ్మ ఆయన పాదాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. వంగి చూస్తే గాని ఆ సంగతి బాలకిషన్‌కు తెలియలేదు.