ప్రసూన చెప్పి పంపిన గుర్తు

జనగామ బజారులో మా బట్టల దుకాణానికి ఆనుకొనే ప్రసూన వాళ్ల కిరాణం ఉంది. భర్త ప్రకాశం సరుకు కోసం ఊళ్లు తిరుగుతాడు కాబట్టి గల్లా దగ్గర కూర్చునేది ఆమే. మహా మాటకారి. ఎవరొచ్చినా "ఏ ఊరు? ఎవల బిడ్డవు?" అని అడగందే పప్పు తూచదు. తన సంగతులు కూడా అంత ధారాళంగానే చెబుతుంది. మా దగ్గర అదే మర్యాద. ఊరడిగితే నీళ్లు నమిలేవాణ్ని మేం మనిషిగా లెక్కపెట్టం.

మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఆమె ఫోనులో తుపాకుల ఆట ఆడుతుంది. నలుగురు ఒక జట్టుగా చేరి, చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఆడే ఆట. చింతపండు బస్తాల మధ్య కూర్చుని "ఎన్కనుంచి వస్తున్నడు, కాల్చు కాల్చు!" అని ఆమె అరిస్తే మా దుకాణంలో చీరలు చూసేవాళ్లు ఉలిక్కిపడేవాళ్లు. నేను పడీ పడీ నవ్వేదాన్ని. ఆడదానికి ఈ ఆటలేమిటని బజారులో కొందరు మూతి తిప్పారు. వాళ్ల మగవాళ్లు పొద్దస్తమానం పేకముక్కలు కలుపుతుంటే మాత్రం ఒక్కరికీ నోరు లేవదు. ఆట తప్పని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను.

మొదట్లో ఆమె జట్టులో ఇద్దరు కోస్తా కుర్రాళ్లు ఉండేవారు. ప్రసూన నోరు తెరిస్తే చాలు, ఆమె మాటను వెక్కిరిస్తూ ఇకిలించేవారు. ఒకరోజు కొత్తగా చేరినవాడొకడు వాళ్లను కడిగిపారేశాడు.

"మా అక్క మాట మీకు నవ్వులాటయిందా? జర మర్యాదగ మాట్లాడున్రి."

ఆటలో అతను పెట్టుకున్న పేరు ఓరుగల్లు పులి. ప్రసూన సంతోషం పట్టలేక నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"వదినా, మనోడే! ఊరు నెల్లికుదురంట. అచ్చం మన లెక్కనే మాట్లాడుతడు."

"అసలు పేరేంది?"

"పేరెందుకు వదినా? మాట ఇంటె తెలుస్తలేదా?"

మన మాట మాట్లాడేవాడు మనవాడే అనుకుంది పిచ్చిది. ఏళ్ల తరబడి వెక్కిరింపులు పడ్డవాళ్లం, మా యాసలో ఎవరైనా ఒక్క మాట ఆప్యాయంగా అంటే చాలు, కరిగిపోతాం. ఆ రోజు నుంచి ఆమె పులికి చెప్పని సంగతి లేదు. జనగామ బజారులో కిరాణం, దాని వెనక వీధిలో ఇల్లు అనీ, కూతురు వర్షిణి తొమ్మిదో తరగతి అనీ, లెక్కల పరీక్ష తప్పిందనీ, చిన్నప్పుడు వేడి పాలు మీద పడి మోచేయి కాలిందనీ అన్నీ చెప్పింది. పైగా మైకు ఎప్పుడూ ఆపదు. బేరమొచ్చినా, మనుషులకు పని పురమాయించినా ఆ మైకు వింటూనే ఉంటుంది. వర్షిణి నెత్తీ నోరూ కొట్టుకునేది.

"మైకు బంద్ చెయ్యమ్మా. ఆటల ఎవలకు ఊరు, పేరు చెప్పద్దు."

"మనోళ్ల కాడ గింత దాపరికమేందే?" అని నవ్వేది తల్లి.

వాళ్ల ఇల్లు బజారు వెనక వీధిలో ఉంది. సరుకంతా అక్కడే నిల్వ, తాళాలు అత్త వనమాల కొంగుకు. ఆ ముసలామె ఎవరినీ నమ్మదు. దుకాణం నుంచి ఎవరు వెళ్లినా గుర్తు చెప్పాల్సిందే. గుర్తంటే ఆ పూట ఇంట్లో జరిగిన, బయటివాళ్లకు తెలిసే వీలులేని చిన్న సంగతి. అది సరిగ్గా చెప్పినవాడికే తాళం తీస్తుంది. ప్రసూన మామ కాలం నుంచీ నడుస్తున్న పద్ధతి, ఒక్కసారి కూడా వమ్ముకాలేదు.

ఒక శనివారం బడికి సెలవు. వర్షిణి నానమ్మతో ఇంట్లోనే ఉంది. ప్రసూన ఆడుతూనే హమాలీ బుచ్చిని పిలిచింది.

"నీలం గేటు ఇంటికి పోయి చక్కెర బస్తా తే. ఇయ్యాల దేవుని కాడ దీపం రెండుమాట్ల ఆరిపోయిందని చెప్పు. అత్తమ్మ తాళం తీస్తది."

ఆ గొంతు మా దుకాణం దాకా వినిపించింది. బుచ్చి వెళ్లి బస్తా తెచ్చి పడేశాడు. కాసేపటికి ప్రసూన ఇయర్‌ఫోన్లు సవరించుకుంటూ మిగిలిన జట్టును అడగడం కూడా నేను విన్నాను.

"పులి మధ్యల్నే పోయిండేంది? మల్ల వస్తనన్నడా?"



ఆ తర్వాత ఎవరో పెద్దామె వర్షిణి చెయ్యి గట్టిగా పట్టుకుని మా దుకాణాల వరుసలోకి వచ్చింది. ఆమె జుట్టు నిండా పత్తి. పిల్ల కాళ్లకు చెప్పులు లేవు, ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె పేరు ఓదెమ్మ అనీ, బచ్చన్నపేట నుంచి పత్తి అమ్మడానికి వచ్చిందనీ తర్వాత తెలిసింది.

"ఈ పిల్ల మీదేనా?" అంది ఓదెమ్మ. "బండి మీదనుంచి దుంకి మా ట్రాక్టర్ కాడికి ఉరికొచ్చింది. ఒగడు ఎత్కపోతుండె."

ప్రసూన చేతిలో ఫోను కింద పడింది. "నువ్వు ఇంట్ల లేవా?" అని మాత్రం అనగలిగింది.

వర్షిణి వెక్కుతూ చెప్పింది. "నువ్వే పంపినవని వచ్చిండు. దుకాణం కాడికి తోల్కరమ్మన్నవట. నానమ్మ గుర్తడిగితే దీపం రెండుమాట్ల ఆరిపోయిందన్నడు. అందుకే ఎక్కిన. బండి మన సందు దాటిపోయింది. ఇటు గాదన్నా అంటె, లెక్కల్ల తప్పినవని మీ అమ్మ ఏడ్సిందట గదా అని నవ్విండు. మోచెయ్యి మచ్చ పోయిందా అన్నడు. మార్కెట్ కాడ పత్తి ట్రాక్టర్లు అడ్డమొచ్చి బండి ఆగంగనే దుంకిన."

నేను పిల్లను పక్కన బస్తా మీద కూర్చోబెట్టాను. బిడ్డ దక్కింది, అంతే. ఆ ట్రాక్టర్లు అడ్డం రాకపోతే ఏమయ్యేదో ఊహించే ధైర్యం నాకు లేదు.

ఇంటి దగ్గర వనమాల తల బాదుకుంటోంది. "గుర్తు సరిగ్గనే చెప్పిండు గదా! నా చేతులతోటి నేనే బండెక్కిచ్చిన!" ఆమెను ఓదార్చడం మా తరం కాలేదు. పాపం, ఆమె చేయవలసినది చేయవలసినట్టే చేసింది.

పోలీస్ స్టేషన్‌కు నేనూ వెళ్లాను. ప్రకాశం మహబూబాబాద్ నుంచి పరుగున వచ్చాడు. ఎస్సై నెమ్మదిగానే అడిగాడు.

"వాని పేరేందమ్మా?"

"పులి... ఓరుగల్లు పులి."

"అసలు పేరు?"

ప్రసూన తల అడ్డంగా ఊపింది.

"ఊరు?"

"నెల్లికుదురన్నడు సార్."

"అన్నడు. నువ్వు సూసినవా?"

ఆమె ఆట తెరిచి చూపించబోయింది. పులి అన్న పేరే లేదు. ఇన్నాళ్లూ పూటపూటా మాట్లాడిన మనిషి ఒక్క పూటలో మాయమైపోయాడు. ప్రసూన ఇంట్లో దీపం ఎన్నిసార్లు ఆరిందో వాడికి తెలుసు, వాడి ఇల్లు ఏ దిక్కున ఉందో మాకు తెలియదు. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం వాడి మీదో, ప్రసూన మీదో, అంత తీయగా వినిపించిన మా మాట మీదో చెప్పలేను.

తిరిగి వస్తుంటే ప్రసూన కూతురి భుజం మీద చెయ్యి వేయబోయింది. వర్షిణి పక్కకు జరిగింది. దారిలో ఎదురైన ప్రతి బండినీ పిల్ల తేరిపార చూస్తోంది. వాడు హెల్మెట్ పెట్టుకుని వచ్చాడట, ముఖం సరిగా చూడలేదట. గేటు దగ్గర ఆగి తల్లి వైపు తిరిగింది.

"ఇంకేమేం చెప్పినవమ్మా వానికి?"

పిల్ల ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"యాదికొస్తలేదు బిడ్డా," అంది ప్రసూన.