వెనక ఎడమ పక్క బరువు

ఎవరి దగ్గరో విన్నది చెప్పడం లేదు. నాకే జరిగింది. నా పక్కన మా ఆవిడ శిరీష కూడా ఉంది. ఒట్టు పెట్టమంటే ఇప్పుడే పెడతాను... నవ్వాలనిపిస్తే అంతా విన్నాక నవ్వండి.

చేపల మేత అమ్మే కంపెనీలో నా ఉద్యోగం. తెల్లారితే కొల్లేరు చెరువు గట్ల మీదే తిరుగుడు. పాత కారు, డిక్కీలో మేత బస్తాలు, దారి నిండా గుంతలు. కొన్నాళ్ళుగా కారు ఊగుతోంది. గుంతలో పడిందంటే ఉయ్యాలలా లేచి పడి, లేచి పడి గానీ ఆగదు. బ్రేకు వేస్తే ముక్కు కిందికి వంచేస్తుంది. నేను పట్టించుకోలేదు. మా దగ్గర గట్ల మీద తిరిగే కార్లన్నీ ఊగుతాయి. ఊగని కారును చూస్తేనే మాకు వింత. అందుకే షాక్ అబ్జార్బర్లు పోయిన సంగతి మా వాళ్ళకు ఓ పట్టాన తెలియదు.

కిందటి చలికాలం. శిరీషకు ఏడో నెల. కొల్లేటికోటలో వాళ్ళ పుట్టింట్లో సీమంతం చేశారు. మర్నాడు పొద్దున్నే ఏలూరులో స్కానింగ్. అంతకు ముందోసారి కడుపు నిలవలేదు. ఈసారి కుదుపులు తగలకూడదని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. బయలుదేరేసరికే చీకటి పడింది. మా అత్తగారు ఐసు పెట్టెలో చేపలు సర్ది, పైన ఓ బొగ్గు ముక్క వేశారు. చీకట్లో చేపలు తీసుకెళ్తుంటే ఆ వాసనకు ఏదో వెంటపడుతుందని మా వైపు నమ్మకం. బొగ్గు ఉంటే దగ్గరికి రాదట.

"ఈ రాత్రికి ఉండిపోండి బాబూ. పిల్ల వట్టి మనిషి కాదు కదండీ," అన్నారావిడ.

"మీ బొగ్గు ఉందిగా అత్తయ్యగారూ. ఇంక భయమేముందండీ?" అన్నాను.

గట్టు రోడ్డు ఎక్కాం. రెండు పక్కలా చెరువులు. అడ్డుగోడ లేదు. మంచు దిగుతోంది. చెరువుల్లో చేపలకు గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిలుకుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇంతలో కరెంటు పోయినట్టుంది... ఆ చప్పుడు కూడా ఒక్కసారిగా ఆగిపోయింది.

అప్పుడు వినబడింది.

టక్...

కాసేపటికి మళ్ళీ... టక్.

వెనక నుంచి. ఎడమ వైపు.

శిరీష పొట్ట మీద చెయ్యి వేసుకుంది. "ఏవండీ... వెనక ఎవరో ఉన్నట్టు లేదూ?"

"ఉన్నాయిగా, చేపలు," అన్నాను.

అంతలో మలుపులో పెద్ద గుంత. కారు వెనక భాగం లేచింది... పడింది... మళ్ళీ లేచి నీళ్ళ వైపు జారింది. స్టీరింగు లాగి పట్టుకుని ఆపాను. చక్రానికీ నీళ్ళకీ మధ్య మూరెడు నేల కూడా లేదు. భయం వేసింది, అబద్ధం ఎందుకు? నా కోసం కాదు, ఆ పొట్టలో ఉన్న ప్రాణం కోసం.

"బాగానే ఉన్నానండీ. కదులుతోంది," అంది శిరీష మెల్లగా.

కారు రోడ్డు మధ్యకు తెచ్చి ఆపి, దిగాను. ఫోన్ లైటు వేసి చూశాను. వెనక సీటు ఖాళీ. డిక్కీలో పెట్టె తాడుతో కట్టింది కట్టినట్టే ఉంది. డిక్కీ మూసి, ఆ మూల రెండు చేతులతో గట్టిగా నొక్కి వదిలాను. బాగున్న కారైతే ఒకసారి లేచి కుదురుకోవాలి. ఇది లేచింది, దిగింది, లేచింది, దిగింది... టక్‌మని చప్పుడు కూడా చేసింది. టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య చెయ్యి దూర్చి తడిమాను. జిడ్డు. లైటు వేస్తే, షాక్ అబ్జార్బరు గొట్టం పొడుగునా నూనె కారి దుమ్ము పట్టి ఉంది.

నాకు నవ్వాగలేదు. "దయ్యమూ లేదు, ఏమీ లేదు. షాక్ అబ్జార్బరు పోయింది!" అని అరిచాను.

"ఇన్నాళ్ళూ చూసుకోకుండా ఏం చేశారండీ?" అని లోపలి నుంచి తనూ నవ్వింది.

ఇక్కడి నుంచే నాకు అర్థం కానిది.

కారు ఊగడం ఆగింది. పూర్తిగా ఆగింది. నేను ఓ అడుగు వెనక్కి వేసి చేతులు తుడుచుకుంటున్నాను. గాలి లేదు. శిరీష ముందు సీట్లో కదలకుండా కూర్చుని ఉంది. అప్పుడు... వెనక ఎడమ పక్క... మెల్లగా... కిందికి దిగింది. ఊగలేదు. వయసు మళ్ళిన మనిషి ఎవరో జాగ్రత్తగా సీట్లో కూర్చున్నట్టు దిగింది. దిగి, అలాగే ఉండిపోయింది.

వంగి చూశాను. ఇందాక చెయ్యి దూరిన సందులో ఇప్పుడు వేళ్ళు కూడా దూరడం లేదు. టైరులో గాలి ఉంది. కింద కంకర గట్టిగానే ఉంది.

"వెనక ఎందుకు కూర్చున్నారండీ?" అంది శిరీష, తల తిప్పకుండానే. "ముందుకొచ్చెయ్యండి, పోదాం."

వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాను. తను నన్ను చూసింది. వెనక్కి చూడబోయి మానేసింది. అద్దంలోకి నేనూ చూడలేదు. నడక వేగంతో పోనిచ్చాను. గుంతలు వస్తూనే ఉన్నాయి... కారు మాత్రం ఊగలేదు. టక్‌మన్న చప్పుడు మళ్ళీ రాలేదు. ఏలూరు దాకా పొట్ట మీద చెయ్యి కదలనంత నెమ్మదిగా వచ్చింది.

మర్నాడు స్కానింగులో అంతా బాగుందన్నారు. అక్కడి నుంచి తిన్నగా షెడ్డుకు వెళ్ళి వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను. మెకానిక్ నా చిన్ననాటి స్నేహితుడు. ఊగడం, ముక్కు వంచడం, చప్పుడు, మలుపులో జారడం, అన్నీ వాటివల్లే అన్నాడు. ఆగి ఉన్న కారు కుంగడం సంగతి కూడా అడిగాను.

"అది దీనివల్ల కాదురా. షాక్ అబ్జార్బరు ఊపును ఆపుతుంది, అంతే. బరువు మోసేది స్ప్రింగులు. అవి శుభ్రంగా ఉన్నాయి. ఎవరో ఎక్కి ఉంటారు, నువ్వే చూసుకోలేదు," అన్నాడు వాడు.

తర్వాత పాప పుట్టింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చే రోజు, కాళ్ళు చాపుకోవచ్చని శిరీషను వెనక సీట్లో కూర్చోమన్నాను. తను ఒప్పుకోలేదు. పాపను ఒళ్ళో పెట్టుకుని ముందే కూర్చుంది. ఎందుకని నేను అడగలేదు. ఆ రాత్రి ఎవరో ఎక్కడం ఇద్దరికీ తెలిసింది... దిగడం మాత్రం ఇద్దరిలో ఎవరికీ తెలియలేదు.