వార్డు మొత్తానికీ ఒకే ఓటరు

మా వీధి దర్జీకి కొత్త బట్టలు కుట్టడం వచ్చో రాదో ఎవరికీ తెలీదు. మేమెవరమూ ఎప్పుడూ అడగలేదు. పాంట్లు పొట్టి చెయ్యడం, నడుము దగ్గర వదులు చెయ్యడం, పాడైన జిప్పులు మార్చడం, ఇంతవరకే ఆయనతో మా పని. మెట్ల కింద గూడంత కొట్టు. మిషనూ ఆయనా కూర్చుంటే ఇక మూడోదానికి చోటుండేది కాదు. వెనక గదిలో భార్య. ఆవిడకి ఉబ్బసం. ఊపిరి పట్టేసినప్పుడల్లా ఆయన మిషను ఆపేసి, ఆవిడ భుజం కింద చెయ్యి వేసి, నాలుగు కొట్ల అవతలున్న మునిసిపాలిటీ చిన్నాసుపత్రికి నడిపించుకుపోయేవాడు. అక్కడ నర్సమ్మ ముఖానికి మాస్కు తగిలించి మందు పట్టేది. కాసేపటికి ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుకుంటూ తిరిగొచ్చేవాళ్ళు. ఎదురుగా జిరాక్స్ కొట్టు నాదే కాబట్టి ఇదంతా రోజూ చూస్తూనే ఉండేవాణ్ణి.

మా వీధిలో ఓటేసే అలవాటు లేదు. మేం చెడ్డవాళ్ళమని కాదు. సెలవిస్తారు, ఎండగా ఉంటుంది, నిద్రొస్తుంది. మిగతావాళ్ళు వేస్తారులే అని ఎవరికి వాళ్ళు అనుకుంటారు. ఒకసారి వార్డు ఎన్నికలో అందరూ ఒకేసారి అలా అనుకున్నారు. పోలింగు చిన్నాసుపత్రి గదిలోనే పెట్టారు. మధ్యాహ్నం దాకా ఈగ కూడా వాలలేదు. కూర్చుని కూర్చుని విసుగెత్తి పోలింగ్ ఆఫీసరు ఒళ్ళు విరుచుకున్నాడు. పాంటు వెనక కుట్టు పర్రుమని విడిపోయింది.

దర్జీని పిలిపించారు. ఓటు రహస్యంగా ఉండాలని పెట్టిన అట్ట చాటున, టేబులు గుడ్డ చుట్టుకుని ఆఫీసరు నిలబడితే, దర్జీ నేలమీద కూర్చుని పాంటు కుట్టాడు. అది తొడుక్కున్నాక ఆఫీసరుకి ప్రాణం లేచొచ్చింది.

"ఎలాగూ వచ్చావు, ఓ ఓటు కూడా వేసి పోవయ్యా. సున్నా అని రాస్తే పైవాళ్ళు నన్ను చంపేస్తారు" అన్నాడు.

దర్జీ వెళ్ళి కత్తెర గుర్తు నొక్కాడు. మిగతా గుర్తులతో ఆయనకి పరిచయం లేదు.

కత్తెర గుర్తు మీద నిలబడింది పాత సీసాల వ్యాపారి. బావమరిది పోరు పడలేక నామినేషన్ వేసి ఆ సంగతే మర్చిపోయాడు. పోటీ చేసినవాళ్ళలో ఒక్కడి ఇల్లూ మా వార్డులో లేదు కాబట్టి వాళ్ళ ఓట్లు వాళ్ళకీ పడలేదు. సీసాలాయన ఒక్క ఓటు మెజారిటీతో గెలిచాడు. ఆ సాయంత్రమే మైకు పట్టుకుని దర్జీ కొట్టు ముందుకొచ్చి, "ప్రియమైన ఓటరు మహాశయా! మీరంతా ఏకమై నన్ను గెలిపించారు" అని మొదలుపెట్టాడు. దర్జీ పాపం వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

ఇక రోజూ పొద్దున్నే ఫోను.

"ప్రజలు ఎలా ఉన్నారండీ?"

"కాస్త జలుబు చేసిందండి."

"అయ్యో. ప్రజలకి ఇంకేమైనా ఇబ్బందులా?"

"మిషను దగ్గర వెలుతురు చాలట్లేదండి."

వారం తిరక్కుండా వీధి దీపం మెడ వంచి కొట్లోకి తిప్పారు. కొట్టు ముందు రోడ్డు అద్దంలా వేశారు. కొట్టు దాటగానే మామూలు గోతులే.

అప్పుడు మాకు కిటుకు తెలిసింది. ఓటెయ్యడం కంటే ఓటరుని పట్టుకోవడం తేలిక. మేడమీది అత్తయ్యగారు చెత్తకుండీ గురించి, రిటైరైన లెక్కల మాస్టారు కుక్కల గురించి, నేను కుళాయి గురించి చెప్పుకోడానికి ఆయన కొట్టు ముందు చేరేవాళ్ళం. "ఓటరుగారూ" అని నోరారా పిలిచేవాళ్ళం. ఆయన నోట్లో గుండుసూదులు పెట్టుకుని వినేవాడు. కాదనడానికి నోరు తెరిస్తే సూదులు రాలిపోతాయి. అలా మా పనులన్నీ జరిగిపోయాయి.

మధ్యలో మునిసిపాలిటీవాళ్ళు చిన్నాసుపత్రి ఎత్తేస్తామన్నారు. ప్రజాభిప్రాయం ఏమిటని సీసాలాయన ఫోను చేశాడు. దర్జీ సూదులన్నీ అరచేతిలోకి ఊసేసి, "మా ఆవిడ బతకదండీ" అన్నాడు. సీసాలాయన సభలో లేచి, తన వార్డు ప్రజలు ముక్తకంఠంతో వ్యతిరేకిస్తున్నారని బల్ల గుద్దాడు. ఆసుపత్రి ఉండిపోయింది. మేమూ సంతోషించాం, మాకూ అప్పుడప్పుడు దగ్గులొస్తాయి కదా.

మళ్ళీ ఎన్నికలొచ్చాయి. ఈసారి సీసాలాయన మీద కార్ల షోరూమాయన నిలబడ్డాడు. చిన్నాసుపత్రి పడగొట్టి అక్కడ కార్లు నిలుపుకోవాలని ఆయన ఆశ. మనిషి గట్టివాడు. సభల్లేవు, కరపత్రాల్లేవు. మా వీధిలో ఓ గది అద్దెకి తీసుకుని, ఓటు ఇక్కడికి మార్పించుకున్నాడు. అదే ఆయన ప్రచారం.

దర్జీకి లెక్క అర్థమైంది. కొట్టు మూసి ఇంటింటికీ తిరిగాడు.

"ఆయన ఓటు ఆయనకి, నా ఓటు సీసాలాయనకి. సమానమైతే చీటీ తీస్తారట. మా ఆవిడ ప్రాణం చీటీలో పెట్టలేనండీ. ఒక్కరు రండి చాలు" అని చేతులు పట్టుకున్నాడు.

"నువ్వున్నావుగా నాయనా, చెయ్యి తిరిగినవాడివి" అంది అత్తయ్యగారు.

"అనుభవం ఉన్నవాళ్ళ పనిలో మేం తలదూర్చకూడదయ్యా" అన్నారు మాస్టారు.

చూస్తాలే అన్నాను నేను. నేను అంతకంటే ఎవరికీ మాటివ్వను.

చివరికి ఆయన భార్యే "నేనొస్తాను పదండి" అంది. కిందటిసారి ఆయన ఓటేసొచ్చాక, ఇంటికొకరు చాల్లెద్దురూ అని పడుకున్న మనిషి.

ఆ రోజు ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది. జాకెట్టు చేతులు బిగుతయ్యాయంటే ఆయన అప్పటికప్పుడు వదులు చేసిచ్చాడు. ఇద్దరూ వీధిలోకొచ్చారు. పోలింగు కదా అని మునిసిపాలిటీవాళ్ళు ఏళ్ళ తర్వాత మా వీధి ఊడిపిస్తున్నారు. ఆ దుమ్ముకి ఆవిడకి ఊపిరి పట్టేసింది. ఆయన ఆవిణ్ణి దాదాపు మోసుకుంటూ చిన్నాసుపత్రి గుమ్మం దాకా తీసుకెళ్ళాడు.

"ఇవాళ ఇది ఆసుపత్రి కాదు, పోలింగ్ కేంద్రం. ఓటర్లయితే రండి, రోగులైతే రేపు రండి" అన్నాడు ఆఫీసరు. పాత ఆఫీసరే, అదే పాంటు. కుట్టు చెక్కుచెదరలేదు.

"ఓటరేనండీ బాబూ!"

"అయితే ముందు ఓటెయ్యమనండి."

ఆవిడ చెయ్యి పైకి లేవలేదు. నర్సమ్మకి ఎన్నికల డ్యూటీ, లోపల సిరా సీసా ముందు కూర్చునుంది. లేవబోతే ఆఫీసరు లేవనివ్వలేదు. మాస్కూ మందూ ఉన్న బీరువాకి అడ్డంగా ఓటింగ్ యంత్రం బల్ల వేశారు, దాన్ని ఎవరూ కదపకూడదు.

"పోనీ మీరొక్కరైనా టక్కున నొక్కి పొండి" అన్నాడు ఆఫీసరు.

దర్జీ ఆయన వంక ఒక్క చూపు చూసి, భార్యని ఎత్తి ఆటోలో పడుకోబెట్టుకుని ఊరి అవతల పెద్దాసుపత్రికి వెళ్ళిపోయాడు. నేను కొట్లోంచి అంతా చూశాను. నా కళ్ళు చెమర్చాయి. ఎవరైనా సాయం వెళితే బాగుండునని చాలా గట్టిగా అనుకున్నాను.

షోరూమాయన ఒక్క ఓటుతో గెలిచాడు.

దర్జీ రాత్రికి ఒక్కడే వచ్చాడు. ఆవిడ ప్రాణానికి గండం తప్పింది, బట్టల కోసం వచ్చానన్నాడు. మేమంతా అప్పటికే కొట్టు ముందు చేరాం. ఎవరికి మాత్రం కడుపు మండదూ?

"ఇంత బాధ్యత లేకపోతే ఎలాగయ్యా?" అన్నారు మాస్టారు.

"ఒక్కగానొక్క ఓటరువి. నువ్వే ఇలా చేస్తే ఈ వార్డు ఏమైపోవాలి?" అంది అత్తయ్యగారు.

ఆయన మా ముఖాలు ఒక్కొక్కటే చూశాడు. "మీరెవరూ వెళ్ళలేదా?"

"మేమా! నువ్వున్నావన్న ధైర్యంతోనే కదా హాయిగా పడుకున్నాం" అన్నాను.

అప్పుడు నోట్లో సూదులు లేవు. అయినా ఆయన లోపలికెళ్ళి చీరలు మూట కట్టుకుని వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండా చిన్నాసుపత్రి గోడలు కూలగొట్టడం మొదలుపెట్టారు. దుమ్మంతా మా ఇళ్ళలోకే. వీధి వీధంతా ఒకటే దగ్గు. ఇక ఊరుకునేది లేదని ఓటరుకి చెప్పడానికి బయల్దేరాం. కొట్టుకి తాళం. ఆ దారినే ట్రంకుపెట్టెతో బదిలీ మీద పోతున్న నర్సమ్మ, "ఆయన పెద్దాసుపత్రి పక్కన గది తీసుకున్నారు. ఆవిణ్ణి అంత దూరం మోసుకెళ్ళలేక. ఇక రారు" అని చెప్పింది.

మాకు ఒక్క మాట చెప్పాలా వద్దా? అయినా మేం వెనక్కి పోలేదు. తాళం ముందు మాస్టారు నిలబడ్డారు, ఆయన వెనక అత్తయ్యగారు, ఆవిడ వెనక నేను. చూస్తుండగానే వరస వీధి మలుపు దాకా పెరిగిపోయింది. ఎండ మాడ్చేస్తోంది. ఒక్కరు కదిలితే ఒట్టు. మాకూ బాధ్యత అంటూ ఉంటుంది కదా.