తీజ్ బుట్ట, ఫిజిక్సు బెంచీ

దీపకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదని హాస్టల్లో అందరూ అంటారు. ఆ వారమైతే మరీ అన్యాయం. అన్నం ముందు కూర్చుంటే లేచేది, లేచాక ఎందుకు లేచిందో మరిచిపోయేది. కారణం లేకపోలేదు. మహబూబాబాద్‌లోని ఆ డిగ్రీ కాలేజీలో మొదటి సెమిస్టరు అయిపోవచ్చింది. ఫిజిక్సులోనే ఉంటావా, ఆర్ట్స్‌కు మారతావా, సోమవారంలోగా చెప్పమన్నారు.

గంగారం దగ్గర వాళ్ళ తండా. బావిలో రాయి వేస్తే చప్పుడు ఆలస్యంగా ఎందుకొస్తుందని చిన్నప్పుడు తండ్రి ప్రేమ్‌సింగ్ ప్రాణం తీసేది. ఆ పిచ్చితోనే ఫిజిక్సు తీసుకుంది. తీరా వచ్చాక పాఠమంతా ఇంగ్లీషు. మహేందర్ సారు బోర్డు నింపుతూ పోతుంటే అర్థమైనట్టు తల ఊపేది. మొదటి పరీక్షలో ఆ తల ఊపుడు బండారం బయటపడింది.

సైన్సు వాళ్ళు కూడా మతం, సమాజం గురించి ఒక పేపరు చదవాలి. అది చెప్పేది గ్రేస్ మేడం. అక్కడ దీపే రాణి. గిరిజనులు అన్న మాట రాగానే తలలన్నీ ఆమె వైపు తిరిగేవి. మీ పండుగేంది, దేవుడెవరు, పెళ్లి ఎట్ల చేస్తరు అని అడుగుతారు, చెబుతుంది. పుస్తకం తెరవకుండానే ఫస్టు మార్కులు.

"మేడం క్లాసుల ఫస్టున్నవట గదా బిడ్డా. అటే పో. ఇక్కడ పరేషాన్ ఎందుకు?" అన్నారు మహేందర్ సారు. మంచికే చెప్పారు. అందుకే దీప ఇంకా ఎక్కువ నొచ్చుకుంది.

ఇంతలో కాలేజీ తనిఖీకి పై అధికారులు వస్తున్నారని హడావుడి మొదలైంది. గ్రేస్ మేడం దీపను పిలిచి తీజ్ బుట్ట ఒకటి పెంచి చూపించమంది. తీజ్ అంటే తండాలో పెళ్లికాని ఆడపిల్లలంతా కలిసి చేసే వ్రతం. శ్రావణంలో బుట్టల్లో గోధుమలు చల్లి, ఉప్పు లేని తిండి తింటూ, పాటలు పాడుతూ నీళ్ళు పోస్తారు. చివరి రోజు ఆ మొలకల్ని వాగులో కలిపి ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. అది శ్రావణం కాదు, పక్కన తోడు పిల్లలూ లేరు. అయినా దీప సరేనంది. హాస్టలు కిటికీలో బుట్ట పెట్టి, తెలియకుండానే ఉప్పు కూడా మానేసింది.

సంగతి ఫోన్లో విన్న తల్లి తారి తమ భాషలో గట్టిగానే తిట్టింది. "ఒక్కదానివే పెట్టినవా? ఆటనుకున్నవా? మొలకెత్తినంక అది దేవత. నువ్వు సాగనంపాల్సిందే."

వాళ్ళు వచ్చిన రోజు దీపకు లంగా, అద్దాల రవిక తొడిగించి బుట్టతో నిలబెట్టారు. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకున్నారు. "వీళ్ళలో ఇంకా ఇవన్నీ ఉన్నాయా?" అని ఒకాయన అడిగింది దీపను కాదు, మేడంను. మేడం వివరించింది, ఒక్క తప్పు లేకుండా. అన్నీ దీప చెప్పినవే. కార్లు కదలగానే వరండా ఊడ్చే మనిషి బుట్టను చెత్తకుప్ప మీద పెట్టాడు. పాపం, అతనికేం తెలుసు.

దీప దాన్ని తీసుకుని ఊరి బయట వాగు దాకా నడిచింది. మొలకలు నీళ్ళలో వదిలింది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అందరి మీదా, అందరికంటే ఎక్కువ సరేనన్న తన మీదా.

సోమవారం గ్రేస్ మేడం ఎదురొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "మా గ్రూపులకు వస్తున్నవు గదా?"

"రాను మేడం."

"ఎందుకు? నీకు అన్నీ వచ్చు గదా."

"అందుకే రాను మేడం. ఆడ మీరంత నన్ను చూసి నేర్చుకుంటున్నరు. నేనేం నేర్చుకుంటలేను."

మేడం చెయ్యి తీసేసింది. ఆమె ముఖం చిన్నబోవడం చూసి దీపకు బాధేసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

ఫిజిక్సు క్లాసులో ఆ రోజు వెనక బెంచీ వదిలి ముందుకొచ్చి కూర్చుంది. మహేందర్ సారు ఎప్పటిలాగే బోర్డు నింపి, అర్థమైందా అని అడిగారు. క్లాసంతా తలూపింది. దీప లేచి నిలబడింది.

"నాకు సమజ్ కాలే సార్. జర తెలుగుల మల్ల చెప్పండి."

సారు డస్టరు తీసుకుని, బోర్డంతా తుడిచి, మొదటి నుంచి మొదలుపెట్టారు.