అన్నిటికీ సిగ్నలే

ఈశ్వరరావుకి ఒకటే జబ్బు. లైవ్ ఆగిందంటే చాలు, కారణం వెతక్కముందే "సిగ్నలండీ!" అనేస్తాడు.

నర్సీపట్నం చుట్టుపక్కల పెళ్లిళ్లు, మీటింగులు జనం ఫోన్లలో లైవ్ చూపించేది అతనే. వీపున బ్యాగులో ఎన్‌కోడర్ అనే పెట్టె మోస్తాడు. కెమెరా బొమ్మని నాలుగు సిమ్‌లతో నెట్‌లోకి తోసేది అదే. కెమెరా నాది. తిట్లు ఇద్దరివీ.

ఎండకి పెట్టె పెనంలా కాలి ఆగినా సిగ్నలే, వైరు ఊడినా సిగ్నలే. ఓసారి ఎస్. రాయవరం మీటింగులో పెట్టె ఆన్ చెయ్యడమే మరిచిపోయాడు.

"ఏటయ్యా, ఒక్కడూ సూడ్లేదంట?" అని నాయకుడు మండిపడ్డాడు.

"సిగ్నలండీ. మీ స్పీచి బరువు మొయ్యలేకపోనాది."

ఆయన పొంగిపోయి శాలువా కప్పాడు.

మొన్న బలిఘట్టంలో పెళ్లి. పెళ్లికూతురి అన్న సైన్యంలో ఉన్నాడు, సెలవు దొరకలేదు. లైవ్ పెట్టించిందే అతని కోసం. బ్యాటరీ పాతబడిందని పెట్టెకి గోడ కరెంటే ఇచ్చాం. జీలకర్రా బెల్లం కాగానే లైవ్ చచ్చిపోయింది.

పెళ్లికూతురి తండ్రి జగదీశ్వరరావు గారు ఊగిపోతూ వచ్చారు.

"తాళి కట్టే టైమైపోతంది! మావోడు సూడొద్దా?"

"సిగ్నలండీ..."

"నీ సిగ్నల్ తగలెయ్య! ఈ ఊళ్లో ఇంక నిన్నెవడు పిలుస్తాడో సూస్తాను!"

నేను వైరు వెంటబడి వెళ్లాను. గోడ దగ్గర మా ప్లగ్గు నేలమీద పడి ఉంది. దాని చోట ఫోన్ చార్జరు. పక్కనే పెళ్లికూతురి మామ్మ అప్పాయమ్మ, ఫోను చెవికి ఆనించుకుని.

"మనవడు బాబూ! 'పెళ్లి బాగా కనిపిస్తంది మామ్మా' అంటన్నాడు, ఇంతలో ఫోను సచ్చిపోనాది. బేగి సార్జింగెట్టినాను. ఇప్పుడేమో కనపడ్డం లేదంటన్నాడు. ఏటైనాది?"

"మామ్మగారూ, మీరు పీకిన..." అనబోయాను. వెనకనుంచి వచ్చిన ఈశ్వరరావు నా కాలు కసుక్కున తొక్కాడు.

"సిగ్నల్ మామ్మగారూ. వచ్చేస్తది."

తన జేబులోని పవర్‌బ్యాంక్ ఆవిడ ఫోనుకి తగిలించి, మా ప్లగ్గు గోడకి పెట్టాడు. పెట్టె లేచింది.

పందిట్లోకి పరిగెడుతూ అడిగాను. "అన్ని తిట్లు తినే బదులు నిజం సెప్పొచ్చు గదా?"

"సెప్తే? కొడుకు ఆవిడ మీద కేకలేస్తాడు. మనవరాలి పెళ్లంతా మూల కూకుని ఏడుస్తది. సిగ్నల్ని ఎంత తిట్టినా ఏడవదు గదరా!"

తాళి వేళకి లైవ్ అందుకుంది. అప్పుడే అప్పాయమ్మ ఫోనుతో సహా వచ్చి, కెమెరాకి అడ్డంగా నిలబడి, మనవడికి రెండు చేతులూ ఊపడం మొదలెట్టింది.

జరగమనడానికి నోరు తెరిచాను.

ఈశ్వరరావు నా రెండో కాలు తొక్కాడు.