దగ్గుతూ నడిచిన కారు

మా పాత పెట్రోలు కారు ఐదేళ్లు రేకుల షెడ్డులో ఉండిపోయింది. అందులో దాని తప్పేమీ లేదు. తప్పంతా నా ఒంట్లోని చక్కెరది. కోయిలకుంట్లలో ఒక పెళ్లి చూసుకుని నేనూ మా ఆవిడా కర్నూలుకు తిరిగి వస్తున్నాం. ఇన్సులిన్ సూది వేసుకున్నాను గానీ, భోజనాల బంతి ఆలస్యమవుతోందని విసుక్కుని తినకుండానే బయలుదేరాను. దారిలో షుగర్ పడిపోయింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది, కారు శెనగచేలో ఆగి ఉండటం, మా ఆవిడ పెళ్లివాళ్లిచ్చిన లడ్డు చిదిపి నా నోట్లో కుక్కుతూ ఏడవడం.

దెబ్బలేమీ తగల్లేదు. అందుకే దాన్ని నేను తమాషా కథ చేసుకున్నాను. శెనగకాయలు కనపడగానే బండి తనంతట తానే చేలోకి దిగిందని వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి. మా ఆవిడ నవ్వేది కాదు. తాళంచెవి తీసి బీరువాలో పెట్టింది.

ఈ ఏడు ఎండలు ముదరకముందే డాక్టరు నాతో అన్నాడు, వేళకు తింటూ, బండెక్కే ముందు షుగర్ చూసుకుంటూ ఉంటే నడపొచ్చని. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఐదేళ్లుగా ఎక్కడికి పోవాలన్నా ఎవరో ఒకరు నన్ను తీసుకుపోవాలి. చేను చూడాలన్నా వాళ్లకు వీలు కుదరాలి. ఆటోవాడు 'మెల్లగా పెద్దాయనా' అంటూ రెక్క పట్టుకుని ఎక్కిస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్కసారి నా కారు నేను నడుపుకుంటూ మంత్రాలయం దాకా పోయి రావాలి. అంతకుమించి నేనేమీ కోరలేదు.

తాళంచెవి అడిగితే మా ఆవిడ మారుమాట్లాడకుండా ఇచ్చేసింది. నేను గెలిచాననుకున్నాను.

షెడ్డు తెరిస్తే దుమ్ము. టాంకు మూత తీస్తే పెట్రోలు వాసనే లేదు, పాత రంగుడబ్బా వాసన. మెకానిక్‌ను పిలిపించాను. అతను టాంకు దింపి కడిగాడు, కార్బురేటరు విప్పి చూపించాడు. లోపల పెట్రోలు జిగురులా గడ్డకట్టి సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. అంతా శుభ్రం చేసి, ప్లగ్గులు మార్చి, వాటికి పోయే నాలుగు లావుపాటి తీగలను ఒక్కొక్కటే తగిలించాడు. మా ఆవిడ టీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఈ తీగలు యాడివి ఆడనే ఉండాల సార్," అన్నాడతను. "రెండు తారుమారైనాయంటే బండి ఆగదు, నడుస్తాది. కానీ దగ్గుతా, కొట్టుకుంటా నడుస్తాది."

ఆ సాయంత్రం ఇంజను కుదురుగా తిరిగింది. మర్నాడు పొద్దున్నే ఇడ్లీ తిని, షుగర్ చూసుకుని, చొక్కా కూడా ఇస్త్రీది వేసుకుని కూర్చుని కీ తిప్పాను. బండి ఒళ్లంతా వణికింది. టప్పుమని పేలింది. యాక్సిలరేటరు తొక్కితే ఇంకా ఎగిరెగిరి పడింది.

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. ముందు మెకానిక్‌ను తిట్టుకున్నాను. అతన్ని మళ్లీ పిలవడానికి మాత్రం పౌరుషం అడ్డొచ్చింది. ఉన్న పెట్రోలు తీసేసి వేరే బంకునుంచి కొత్తది పోయించాను. మారలేదు. కార్బురేటరు నేనే విప్పి గాలి కొట్టాను. మారలేదు. ప్లగ్గులు తీసి తుడిచి, ఏది ఎక్కడిదో చూసుకుని మళ్లీ బిగించాను. ఎలుకలేమైనా తీగలు కొరికాయేమోనని వేలితో తడుముతూ పోయాను. కొరుకుడు ఎక్కడా లేదు. మధ్యాహ్నానికి చొక్కా మసిగుడ్డయింది. చేతులు వణుకుతుంటే షుగర్ పడిందేమోనని భయమేసింది. చూసుకుంటే బాగానే ఉంది. అది ఉక్రోషం. కారు కూడా నన్ను పనికిరానివాడి కింద జమకట్టిందనిపించి ఏడుపొచ్చినంత పనైంది.

తీగ తడుముతూ దాని రెండో కొస దాకా పోయినప్పుడు కనపడింది. మెకానిక్ తగిలించిన వరుస కాదది, మధ్యలోని రెండు తీగలు ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. రాత్రికి రాత్రి వాటంతట అవి మారవు. షెడ్డులోకి వచ్చేది మేమిద్దరమే.

మా ఆవిడ వరండాలో బియ్యం ఏరుతోంది. "తీగలు నువ్వు మార్చినావా?" అన్నాను.

ఆమె తలెత్తలేదు. "మారిస్తి."

"ఒకటి పీకి పారేసింటే పోయేది గదా! ఇంత నాటకమెందుకు?"

"పీకింటే లేదని తెలిసిపోతాది. అప్పుడే ఇంగొకటి తెప్పిస్తావు. సరిగ్గా నడవకపోతే నీకే విసుగొచ్చి ఇడిసిపెడ్తావనుకుంటి. నీ సంగతి నాకు తెల్దా?"

నేను గొంతు పెంచాను. డాక్టరు చెప్పాడని అరిచాను, నన్ను చంటిపిల్లవాణ్ణి చేశావని అరిచాను. నాకే బాగోదనిపించేదాకా అరిచాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"ఆ పొద్దు కారు దానంతట అది చేలోకి దిగలేదు," అంది. "ఎదురుగా లారీ వస్తాండాది. నిన్ను పిలిస్తి, కొడ్తి, నువ్వు పలకలే. కండ్లు తెరుచుకునే ఉండావు. నేనే స్టీరింగు పట్టి లాగితి. నువ్వు అందరికీ చెప్పి నవ్వుతాంటివి గదా, ఎట్ల చెప్పేది?"

ఐదేళ్లు ఆమె ముందే ఆ కథ చెప్పి నవ్వాను. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నన్ను క్షమించమనాలో, నువ్వు లేకపోతే లేననాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

"పో, సరిగ్గా పెట్టుకో పో," అంది. "పోవాలనుండాది గదా నీకు. నిన్నొక్కణ్ణే పంపుతానా? నేనూ వస్తా."

తీగలు సరిచేశాను. ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. బహుశా ఆమె చెయ్యమంది కాబట్టి, బహుశా అప్పటికీ నా కోరిక చావలేదు కాబట్టి. ఇంజను మెత్తగా అందుకుంది, ఎక్కడా తడబాటు లేదు. ఆమె చీర మార్చుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"పోనియ్యి," అంది.

ఆమె ఎదురుగా రోడ్డునే చూస్తోంది. కుడిచెయ్యి చాచి స్టీరింగు పట్టుకుని ఉంది. అది తనకు తెలిసినట్టు లేదు. వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది. చెయ్యి తియ్యమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇంజను నడుస్తూనే ఉంది. నేను గేరు వెయ్యలేకపోయాను.