బూరెగాడి ఊపిరి

ఆవకాయ ముక్కలు ఆరబెట్టడానికి పాత చీర కోసం పెట్టె తీస్తే, అడుగున ఎక్స్‌రే ఫిల్మ్ ఒకటి కనిపించింది. కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే చిన్న చిన్న పక్కటెముకలు, వాటి వెనక ఎడమవైపు తెల్లటి మబ్బు. మా బూరెగాడిది.

వాడు పగ్ కుక్క. నాన్న పనిచేసే సున్నపురాయి క్వారీ ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళ్తూ ఇస్తే, ఏడో తరగతిలో ఫస్టొచ్చానని నాన్న నాకోసమే తెచ్చాడు. ముడతల మొహం, గోధుమరంగు ఒళ్లు చూసి ఆ పేరు పెట్టిందీ నేనే. వారం తిరక్కుండా వాడు చెల్లి సుధ మనిషైపోయాడు. జగ్గయ్యపేట ఎండలకి సిమెంటు దుమ్ము పట్టిన వేపాకు కదలని మధ్యాహ్నాల్లో, వంటింట్లో అమ్మ ఆవాలు దంచే ఘాటుకి వీధిలోవాళ్లు కూడా తుమ్ముతుంటే, ముంజలు తిన్న చేతులు కడుక్కోకుండానే సుధ చాప మీద వాలేది. వాడు వెళ్లి దాని పొట్ట మీద తలపెట్టి గురకపెట్టేవాడు. నేను బిస్కెట్టు చూపించి పిలిస్తే వచ్చి తిని, మళ్లీ దాని దగ్గరికే పోయేవాడు. ఆ గురక వింటుంటే నాకు ఒళ్లు మండేది.

ఒకరోజు వాడు చాప దగ్గరికి పోలేదు. అరుగు మీద చదువుకుంటున్న నా పక్కనే వచ్చి కూర్చున్నాడు. మర్నాడూ అంతే. మెడ చాచి, ముంగాళ్లు ఎడంగా పెట్టి, పొట్ట ఎగరేస్తూ రొప్పుతున్నాడని చూశా. పడుకోబోయి లేచి కూర్చుంటున్నాడనీ చూశా. పెట్టిన గుడ్డు ముట్టకపోతే, సుధకి కనపడకుండా కాకులకి వేశా. చెప్తే అది వాణ్ణి ఎత్తుకుపోతుంది. మూడు మధ్యాహ్నాలు వాడు నావాడని నమ్మా.

నాలుగోరోజు నాలుక నీలంగా మారింది. అమ్మ వాణ్ణి తువ్వాల్లో చుట్టి, మా ఇద్దర్నీ వెంటేసుకుని, ఆటో మాట్లాడుకుని నందిగామలో పశువుల డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన ఎక్స్‌రే తీయించి, పక్కటెముకల మధ్య సూది గుచ్చితే ఎర్రటి నీరొచ్చింది.

"ఎప్పట్నుంచమ్మా ఇలా?"

"పొద్దున్నుంచేనండి," అంది అమ్మ.

"దెబ్బేమన్నా తగిలిందా? సరిగ్గా గుర్తుచేసుకోండి. దాన్నిబట్టే నేను చెప్పాలి."

"నాలుగు రోజుల్నుంచండి. దెబ్బేం తగల్లేదు. ఉన్నట్టుండి పడుకోలేకపోయాడు. నేను చూశా," అన్నా.

అమ్మ నావైపు తిరిగింది. సుధ ఏడుపు ఆపేసింది.

డాక్టరుగారు ఫిల్ములో ఆ మబ్బు మధ్య సన్నటి బుడగలు చూపించి, ఊపిరితిత్తిలో ఒక భాగం మొదలు దగ్గర మెలిపడినట్టుందనీ, మందులకి తగ్గదనీ, ఈరోజే విజయవాడ తీసుకెళ్లమనీ చెప్పారు. అక్కడ ఛాతీ తెరిచి, మెలిక విప్పకుండానే మొదలు దగ్గర కట్టేసి ఆ భాగాన్ని కోసి తీశారు. విప్పితే అందులో నిలవున్న చెడంతా ఒంట్లోకి పాకుతుందట.

పది రోజులకి బొచ్చు గీసిన డొక్క మీద కుట్లతో ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చున్న నన్ను దాటుకుని, తిన్నగా చాప దగ్గరికి పోయి సుధ మీద తలపెట్టాడు. బతికాడన్న సంతోషం కంటే ముందు నాలో లేచింది ఆ పాత మంటే.

"ఎందుకు చెప్పలేదక్కా?" అంది సుధ, వాడి చెవి నిమురుతూ.

"నా దగ్గర కూర్చున్నాడని," అన్నా.



వాడు పోయి చాలా ఏళ్లయింది. అరుగులు కొట్టేసి గ్రిల్లు పెట్టించారు. మధ్యాహ్నం చాపేసుకుని వాలేవాళ్లు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు. సుధ వచ్చినప్పుడల్లా తన పిల్లలకి వాడి కథ చెప్తూ, "పెద్దమ్మ చెప్పబట్టే డాక్టరుగారికి జబ్బు తెలిసింది," అంటుంది. నేను దాచిన రోజుల మాట ఎత్తదు. పిల్లలు నావైపు మెచ్చుకోలుగా చూస్తారు. నేను సరిదిద్దను. వాడి కథలో నాకు దక్కిన చోటు అదొక్కటే, అదీ సుధ ఇచ్చిందే.